పెట్టెలోని పద్నాలుగు కార్డులు

బీర్పూర్‌లో మైసయ్యను అందరూ దుబాయి మైసయ్య అనే పిలుస్తారు. పదకొండేళ్లు అక్కడ సిమెంటు మోసి వచ్చాడు. ఇప్పుడు శశిధర్ రావు పొలాల్లో నాట్లు వేసే బీహారు వాళ్లకు మేస్త్రీ. ఊరి చివర మూతబడ్డ కోళ్ల షెడ్డులో పద్నాలుగు మంది ఉంటారు. వాళ్లు దిగిన రోజే అందరి ఆధార్ కార్డులూ తీసుకున్నాడు. నడి నాట్లల్లో ధర్మపురి వైపు రైతెవడో పిలిస్తే లేచిపోతారని భయం. "ఖల్లివెల్లి అయితరు" అన్నాడు భార్య కనకవ్వతో. యజమానికి చెప్పకుండా పారిపోయిన కూలీని దుబాయిలో అనే మాట అది. ఒకప్పుడు మైసయ్యనూ అన్నారు.

సోమవారం బిర్జు వచ్చి నిలబడ్డాడు. నాలుగేళ్లుగా వస్తున్నవాడు, తెలుగు బాగానే పట్టుకున్నాడు. తల్లికి పక్షవాతమట, మర్నాటి రైలుకు టికెట్ తీశాడట, కార్డు కావాలన్నాడు. ఇంకా ఇరవై ఎకరాలు మిగిలే ఉంది. ఒకడు కదిలితే అందరూ కదులుతారు. మైసయ్య మొహం తిప్పుకొని, కార్డులు దొర దగ్గరున్నాయనీ, దొర హైదరాబాద్ పోయాడనీ, రెండు రోజులు ఆగమనీ చెప్పాడు. బిర్జు నమ్మాడు. తలూపి నారు కట్ట ఎత్తుకున్నాడు. తిట్టినా బాగుండేది.

కార్డులు మైసయ్య మంచం కింద పెట్టెలోనే ఉన్నాయి. కనకవ్వకు తెలుసు. రెండు రోజులు చూసి, బుధవారం మధ్యాహ్నం అన్నం పెడుతూ అడిగింది.

"మీ నాయిన సచ్చిననాడు పాస్‌పోర్టు పెద్దాఫీసుల ఉందన్నడు గదా మీ అరబ్బోడు. నిజంగ యాడుండె?"

"ఆని టేబులు సొరుగుల."

"మరి నువ్వేం తక్కువ తిన్నవు?"

మైసయ్య కంచంలోనే చెయ్యి కడిగి, బిర్జు కార్డు తీసుకొని పొలానికి బండి ఉరికించాడు. తనే పెద్దపల్లి స్టేషన్‌లో దింపుతానని దారంతా అనుకున్నాడు.

బిర్జు గట్టు మీద తల వంచుకొని కూర్చున్నాడు. తోటివాడు బ్లేడుతో గుండు చేస్తున్నాడు. తల్లి రాత్రే పోయిందట. పొద్దున దహనం ఫోన్‌లో చూపించారట.

దొర ఇప్పుడే పంపాడన్న అబద్ధం మైసయ్య నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"నా ఇంట్లనే ఉండెరా బిర్జు. మొదటిసంది."

బిర్జు కార్డు అందుకోలేదు. "ఉంచు మేస్త్రీ. టికెట్ పోయింది గదా" అని, గుండు పూర్తికాగానే మడిలోకి దిగాడు.

తమవీ అక్కడే ఉన్నాయా అని ఇంకొకడు అడిగాడు. మైసయ్య ఇంటికి పోయి పెట్టె తెచ్చి గట్టు మీద తెరిచి పెట్టాడు. పొద్దు వాలేసరికి పదమూడు మందీ ఎవరిది వాళ్లు తీసుకున్నారు. బిర్జు కార్డు మాత్రం మైసయ్య చేతిలోనే ఉంది. అక్కడ వదిలి పోలేడు, జేబులో వేసుకోలేడు.