బావ వెంట్రుకలతో కట్టిన ఈగ

మా బావ మీద పగ తీర్చుకోవడం మాటలతో అయ్యే పని కాదు. అతను అక్క మొగుడు. బామ్మర్దిని ఎంతైనా ఆడిపోసుకునే హక్కు అతనికి పెళ్లినాడే వచ్చిందని మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. నేను మొహం మాడ్చుకుంటే, పరాచికం కూడా తెలియదా అని నన్నే అంటారు. కాబట్టి నా పగ కూడా పరాచికంలాగే కనిపించాలి. షార్జాలో, రోలా దగ్గర ఒకే గదిలో, పక్కపక్క మంచాల మీద పడుకుంటూ ఏడాదిపాటు నేను ఆ పగను పెంచుకున్నాను.

దానికి మూలం ఒక గాలం కర్ర. నేను ఏసీలు బాగుచేస్తాను. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక తెల్ల ముసలాయన ఇంటికి చివరిసారి పనికి వెళ్లినప్పుడు, గోడ మీద ఫోటో చూస్తూ నిలబడిపోయాను. పండుటాకుల చెట్ల కింద సన్నటి కొండవాగు, మోకాలి లోతు నీళ్లలో ఆయన, చేతిలో ఒంటినిండా చుక్కలున్న చేప. ట్రౌట్ అన్నాడు. ఆకు రాలే కాలంలో వాటికి ఆకలి ఎక్కువట. మోసుకుపోయే ఓపిక లేదంటూ కర్ర, దారపు చుట్ట, ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టాడు. డబ్బా నిండా ఈగలు. నిజం ఈగలు కావు, గాలపు కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు చుట్టి కట్టినవి. వానపాముతో పనిలేదు. ఈగ వాలినట్టుగా నీటి మీద వేస్తే చేప తానే వచ్చి మింగుతుంది.

ఈ ఎడారి దేశంలో ట్రౌట్ ఎక్కడిది? కానీ అక్టోబరు చివర ఎండ తగ్గాక, ఫుజైరా వైపు కొండల్లో వాన పడితే వాదీలు పారతాయి. వాదీ అంటే వాగే. అలాంటి ఒక వాగులో, గన్నేరు పొదల పక్కన మడుగు ఉంది. ఎవరి ఖర్జూరపు తోట తొట్టిలోంచి కొట్టుకొచ్చాయో, అందులో అరచేతంత జిలేబి చేపలు ఉండేవి. సెలవు రోజున బావ పికప్‌లో ఇద్దరం అక్కడికి పోయేవాళ్లం. బండి అతనిది కాబట్టి అతను లేకుండా నాకు ఆ వాగు లేదు. నేను గాలం వేసేవాణ్ని, అతను నీడలో చాప పరుచుకుని కోడి కాల్చుకునేవాడు.

మొదటి ఏడాది నాకు ఒక్క చేప కూడా పడలేదు. కర్ర వెనక్కి ఊపితే ఈగ పొదకు తగులుకునేది, ముందుకు ఊపితే నా చొక్కాకు. ఒకసారి చెవికి గుచ్చుకుంది. నేను దాన్ని పీక్కోలేక తంటాలు పడుతుంటే బావ వచ్చి సాయం పట్టలేదు, వీడియో తీశాడు. దాన్ని మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

"చూడుండ్రి మా బామ్మర్దిని. దుబాయ్‌ల వానపాములు దొర్కక కోడీకలతోని చేపలు పడ్తుండు. చేప పడలే గని చెవు పడ్డది."

సాయంత్రానికల్లా ఊరంతా నవ్వింది. ఈకలోడు అని నాకు పేరు పెట్టారు. అంతటితో పోతే ఊరుకునేవాణ్నేమో. వారం తర్వాత నా భార్య ఫోన్ చేసింది. "బడిల బిడ్డను ఈకలోని బిడ్డ అంటున్రంట. ఏడ్సుకుంట ఇంటికొచ్చింది" అని చెప్పింది. అక్కకు చెబితే, "మీ బావ సంగతి నీకు తెల్వదారా, ఊకో" అంది.

నేను ఊరుకోలేదు. బావ చూస్తుండగా, బావ ఫోన్ ముందరే, ఈకతోనే చేప పట్టాలి. ఆ వీడియో కూడా ఊరు చూడాలి. నా బిడ్డకు ఆ పేరు పోవాలంటే నాకు ఇంకో దారి కనబడలేదు.

ఎండాకాలమంతా బిల్డింగ్ డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య గాలం విసరడం నేర్చుకున్నాను. విసురు కుదిరింది కానీ డబ్బాలో ఈగలు అయిపోయాయి, అన్నీ గన్నేరు పొదలే తినేశాయి. ఇక నేనే కట్టుకోవాలి. కరోనా వచ్చి సెలూన్లు మూసేసినప్పటి నుంచి మా గదికి మంగలిని నేనే. బావకు జుట్టంటే ప్రాణం. ఒత్తుగా, ఉంగరాలు తిరిగి ఉంటుంది. తెల్లబడుతున్నదని హెన్నా పెడతాడు, అది రాగి రంగులో మెరుస్తుంది. ఒకరోజు అతనికి కటింగ్ చేసి కింద ఊడుస్తుంటే ఆ మెరుపు చూసి చేయి ఆగిపోయింది. చిటికెడు తీసి జేబులో వేసుకున్నాను.

మంచం మీద కూర్చుని ఆ వెంట్రుకలను కొక్కేనికి బిగించి చుడుతుంటే బావ తొంగిచూశాడు.

"ఏం కడ్తున్నవ్ బామ్మర్ది?"

"తాయెత్తు బావా. దిష్టి తగుల్తుందని."

ఒక్కో చుట్టు బిగిస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అతని పొగరునే పట్టి కట్టేస్తున్నట్టు అనిపించింది.

నవంబరులో మళ్లీ వాగుకు పోయాం. "వీడియో తియ్యి బావా, ఇయ్యాల చెవు పడదు" అన్నాను. నవ్వుతూ ఫోన్ తీశాడు. రాయి వెనక, పారే నీళ్లు నిమ్మళించే చోట ఈగను దించాను. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి నీళ్లు ఎగజిమ్మాయి, కర్ర వంగింది. చేపను ఒడ్డుకు తెచ్చి, తడి చేత్తో పట్టుకుని ఫోన్ వైపు ఎత్తాను. ఇన్నాళ్లూ దాచుకున్న మాట అప్పుడు అన్నాను.

"బావా, దీని నోట్లె ఉన్నది కోడీక గాదు. నీ నెత్తిమీది ఎంటిక."

బావ నవ్వు ఆగిపోయింది. చేయి దానంతటదే తల మీదికి పోయింది. ఆ కాసేపు చాలు, నా జన్మ ధన్యమైంది అనుకున్నాను. చేపను నీళ్లలో వదిలి లేచేసరికి అతను ఫోన్ తన వైపు తిప్పుకుని మాట్లాడుతున్నాడు.

"ఇన్నరా? ఏడాది సంది మా బామ్మర్దికి ఒక్క చేప వడలే. ఆఖరికి నా ఎంటిక వెడ్తేనే వడ్డది. మరి నా జుట్టంటే ఏమనుకున్నరు."

మేము గదికి చేరేలోగా గ్రూపు నిండా బావకే దండాలు. నా భార్య ఫోన్ చేసి, "బావ ఎంటికలు ఇస్తేనే వడ్డదంట గద?" అని అడిగింది. బిడ్డ సంగతి అడిగాను. పేరు మారలేదు. నేను ఇప్పటికీ ఈకలోణ్నే, చేప మాత్రం బావది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

డిసెంబరులో బావ సెలవు మీద ఊరికి బయలుదేరాడు, తన తమ్ముడి పెళ్లికి. విమానం మర్నాడు. హెన్నా పెట్టుకుని, తలస్నానం చేసి, తువ్వాల భుజాన వేసుకుని నా ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

"పెండ్లిల అందరు నా నెత్తే చూస్తరు. మంచిగ జెయ్యి. రాలిన ఎంటికలు దాసుకో, నీకు అక్కరకొస్తయి."

సరే బావా అన్నాను. జుట్టు మరీ పొట్టిగా తెగకుండా కటింగ్ మిషన్‌కు తగిలించే ప్లాస్టిక్ దువ్వెన ఊడదీసి పక్కన పెట్టాను. ఉత్త మిషన్‌ను నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక్క ఊపులో తోశాను. రాగి ఉంగరాలు అతని ఒళ్లో పడ్డాయి. అతను వాటిని చూశాడు, తల తడుముకున్నాడు, నున్నటి చర్మం చేతికి తగిలింది. స్టూలు మీంచి లేవబోయాడు.

"కదలకు బావా, ఇంకా అయిపోలే" అన్నాను.