ఒకే బస్సుకు ఇన్ని గీతలు

కోడుమూరులో పొద్దున ఆరింటికి బయల్దేరి, కర్నూలులో ఎనిమిదింటికి కడప బస్సు పట్టుకున్నాను. మీరూ ఆ దారిన వెళ్తే ఎండ పడని వైపు సీటు చూసుకోండి, నాకైతే దొరకలేదు. ఒళ్ళో దుప్పటి చుట్టిన కడప బండ ముక్క.

"ఏందప్పా అది, దేవుడా?" అంది పక్కనున్న పెద్దామె.

"గడియారం," అన్నాను. ఆమె దుప్పటి ఎత్తి చూసి, నన్నూ ఒకసారి ఎగాదిగా చూసింది.

ఆ బండ మధ్యలో మేకు నిలబెట్టించింది నా భార్య సుశీల. నేను కర్నూలులో పనిచేసి సాయంత్రం బస్సుకు ఇల్లు చేరేవాణ్ణి. మేకు నీడ, బస్సు వేళకు గీసుకున్న గీత మీదికి రాగానే తను బస్టాండుకు బయల్దేరేది. నిలువు మేకు కదా, కాలం మారితే నీడా జరిగేది. అప్పుడు కొడవలి మొనతో ఇంకో గీత గీసేది. అలా ఒకే బస్సుకు బండ నిండా గీతలు. ఎంత నవ్వేవాణ్ణో! సుశీల పోయి ఏడాది దాటింది. మొన్న దూడ తొక్కి మేకు విరిగింది. కొత్తది దిగ్గొడితే బండ పగులుతుందని కర్నూలులో ఎవరూ ముట్టుకోలేదు.

ఒంటిగంటకు కడపలో దిగి, స్టాండు ఎదుట రాగిసంగటి తిని, ఆటోలో బండల దుకాణానికి వెళ్ళాను. అక్కడి పనివాడు మస్తాన్ బండను తిప్పి తిప్పి చూశాడు.

"ఇన్ని గీతలేందప్పా? మేకును ఉత్తరం పక్కకు వాల్చి పెడితే ఏడాదంతా సరిగ్గా చూపిస్తాది. ఇవన్నీ అరగదీసి కొత్తవి గీస్తా."

నాకూ ఆశ పుట్టింది. కానీ అతను మిషన్ ఆన్ చేయగానే నా చెయ్యి బండ మీదికి పోయింది.

"వద్దప్పా. నిలువుగానే పెట్టు. ఈ గీతలు పోగూడదు."

"తప్పు టైము చూపిస్తాదే?"

"చూపించనీలే."

మస్తాన్ మిషన్ ఆపాడు. నీళ్ళు పోస్తూ నిదానంగా రంధ్రం వేసి కొత్త మేకు బిగించాడు.

మూడున్నర బస్సులో కావాలనే ఎండ పడే వైపు కూర్చుని దుప్పటి తీశాను. మలుపు మలుపుకూ నీడ గీతలన్నిటి మీదా తిరిగింది. ఒకచోట సరిగ్గా ఒక గీత మీద ఆగింది. సుశీల చెప్పులేసుకుంటూ ఉంటుంది అనుకుని, బండ పట్టుకుని లేచి నిలబడ్డాను.

"యాడికప్పా? ఇంకా ఆళ్ళగడ్డే రాలేదు, కూర్చో," అన్నాడు కండక్టరు.

కూర్చున్నాను. కోడుమూరు చేరేసరికి బాగా రాత్రవుతుంది, బస్టాండులో నాకోసం ఎవరూ ఉండరు. అయినా ఈ బస్సు ఇంకొంచెం తొందరగా పోతే బాగుండుననిపించింది.