పట్టీలో మిగిలిన ప్రేమదాసు

నందిగామకు రెండు కోసుల దూరాన, మునేటి గట్టునున్న పల్లెకు జ్ఞానయ్య క్రైస్తవ సంఘపు ఉపదేశిగా వచ్చినది 1951లో. పద్యపు నడకలో కీర్తన కట్టగల దిట్ట. వాక్యం చదివితే మందిరం తాటాకు కప్పు కూడా చెవి ఒగ్గి వింటున్నట్టుండేది. ఆయన కాపురం పల్లెకు మైలు దూరాన, రోడ్డు పక్కనున్న మిషను ఇంట్లో.

వచ్చిన రెండో ఏట సంఘానికి హాజరు పట్టీ పెట్టాడు. ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు, రానివారి పేర్లు బిగ్గరగా చదివేవాడు. తప్పిన గొర్రె సిగ్గుపడి మందకు మళ్ళుతుందని ఆయన నమ్మకం. ఎవరు జారిపోతున్నారో కాగితమే చెబుతుంటే ఇల్లిల్లూ తిరిగి కాళ్ళరగదీసుకోవడమెందుకని, పల్లెలోకి పోవడం క్రమంగా మానుకున్నాడు.

నూటపదిమంది సంఘం 1958 ఆరంభానికి పదిహేడుగురైంది. ఈస్టరు ఆరాధనకు స్వయంగా వస్తాననీ, ముప్పైమందైనా లేకపోతే మందిరం మూసి, ఉన్నవారిని కంచికచర్ల సంఘంలో కలుపుతాననీ, మిషనుకు పైఅధికారి అయిన పెద్ద అయ్యగారు జాబు వ్రాశారు.

జ్ఞానయ్య పట్టీ తిరగవేశాడు. అందరికంటె ఎక్కువగా తప్పినవాడు ప్రేమదాసు, నలభై ఆరు ఆదివారాలు. ఆ మొండిఘటాన్ని లాక్కొస్తే తక్కినవారు వాళ్ళే వస్తారనుకొని, ఆనాడే పల్లెకు నడిచి వాడి గుమ్మం ముందు నిలిచాడు.

“ప్రేమదాసూ, ఇంట్లో ఉన్నావటయ్యా?”

జొన్నలు చెరుగుతున్న వాడి భార్య పున్నమ్మ చేతిలో చేట ఆగింది. “ఎవరికోసమండీ?”

“మీ ఆయన కోసమే. ఏడాదైంది గదా మందిరం గడప తొక్కి. ఎక్కడ?”

“పాలేటి ఒడ్డున.”

“జగ్గయ్యపేట దిక్కుకు కూలికి పోయాడా? ఎప్పుడొస్తాడు?”

పున్నమ్మ చేట కింద పెట్టింది. పక్కింటి అరుగు మీదనుంచి దేవమణి అందుకున్నది. “కడబూర మోగి సమాధులు తెరుచుకున్నప్పుడు వస్తాడులెండి, మాతోబాటే. అయ్యగారికి వేళాకోళంగా ఉందే వదినా.”

జ్ఞానయ్య ముఖాన చిరునవ్వు అట్లాగే గడ్డకట్టింది.

“నిరుడు అక్కడికి మిరప కోతలకు పోతే పాము కరిచిందండి,” అన్నది పున్నమ్మ. “బండి దొరికేలోగా పోయాడు. ప్రార్థన చేసే దిక్కు లేక అక్కడే ఊరికే పాతిపెట్టి వచ్చా.”

“నాకెవరూ చెప్పలేదే.”

“పల్లెంతా ఏడిస్తే వినపడలేదా? మీరొస్తారని మూడు రోజులు చూశా. ఆదివారం నేనే వచ్చా. గుమ్మంలో ఉండగానే ఆయన పేరు చదివారు. దేవుని దినాన్ని తోసేసినోడన్నారు. అట్నుంచటే తిరిగొచ్చా.”

“సచ్చినోణ్ణి కూడా శపిస్తున్నాడు, రేపు మనకూ ఇంతే అన్నాడండి మా ఆయన,” అన్నది దేవమణి. “మీకు తెలిసే చేస్తున్నారనుకున్నాం, అందరం.”

జ్ఞానయ్యకు పట్టీలోని లెక్క గుర్తుకొచ్చింది. ఒక్కమాటు కాదు, నలభై ఆరు మార్లు. బలిపీఠం ముందు నిలబడి, గొంతు సవరించుకొని, అక్షరం అక్షరం స్పష్టంగా ఒక మృతుని మీద రాళ్ళు వేశాడు. ఎదుట కూర్చున్న ఆ పదిహేడుగురికీ సంగతి తెలుసు. వారు భక్తితో రావడం లేదు, భయపడి వస్తున్నారు. ఇన్నాళ్ళూ తన వాక్పటిమకు తలలు వంచుకుంటున్నారని మురిసిపోయిన మనిషి, అరుగు అంచు పట్టుకొని అక్కడే కూలబడ్డాడు.

మెల్లగా లేచి అడిగాడు. “అమ్మా, ఆ చోటు చూపిస్తావా? జరగవలసిన ప్రార్థన జరిపిస్తాను.”

పున్నమ్మ మళ్ళీ చేట ఎత్తింది. “చూపిస్తా. పండుగ నాడు, మందిరం వేళకి. ఆయన పేరు ఆ వేళకే గదండీ చదివింది.”

పండుగ నాడు పెద్ద అయ్యగారు వస్తారు. మందిరం ఖాళీగా కనిపిస్తే ఆ పూటతో సంఘం ముగిసినట్టే. అది తెలిసే జ్ఞానయ్య తల ఊపాడు.

ఈస్టరు వేకువన ఒక్క బండి కట్టించాడు. పల్లె దాటేసరికి వెనుక ఎనిమిది బండ్లున్నాయి. మూసిన మందిరం చూసి, విచారించి, పెద్ద అయ్యగారు కారులో పాలేరు చేరేసరికి, ముళ్ళకంప తొలగించిన మట్టిదిబ్బ చుట్టూ డెబ్బైమందికి పైగా నిలబడి ఉన్నారు. జ్ఞానయ్య మోకాళ్ళ మీద పడి, అందరి ఎదుటా తన తప్పు ఒప్పుకుంటున్నాడు. పెద్ద అయ్యగారు టోపీ తీసి వెనుక వరుసలో నిలిచారు.

మందిరం మూయలేదు. 1966లో కాలం చేసేవరకు జ్ఞానయ్య వారంవారం ఇల్లిల్లూ తిరిగాడు. సంఘం నూటయాభై దాటింది. పున్నమ్మ మాత్రం మరి రెండేళ్ళకు గాని మందిరానికి రాలేదు. రమ్మని ఆయన ఎన్నడూ అడగలేదు. ఆమె వాకిట నిలిచి పలకరించబోయినప్పుడల్లా, అంతటి వక్తకూ మొదటిమాట గొంతులోనే ఆగిపోయేది.