గేర్ బాక్సుల నీళ్లు కలిసినయ్

మొన్న నా కారు గేర్ బాక్సుకు ఏం రోగమొచ్చిందో తేల్చింది నేనే. ఆ రోగం నేనెట్ల అంటించిన్నో తేల్చింది మెకానిక్ సలీం భాయ్.

ముచ్చటేందంటే, మా బామ్మర్ది రేగోడ్‌ల కొత్త ఇల్లు కట్టిండు. ఆదివారం దావత్. కంటి ఆపరేషన్ అయ్యి మా అత్తమ్మ మెదక్‌ల మా ఇంట్లనే ఉన్నది. "కొడుకు ఇంటి ముంగట కార్ల దిగుతనా, అల్లుడా?" అని వారం నుంచి అడుగుతనే ఉన్నది. దింపుత అని మాటిచ్చిన.

శనివారం పొద్దున చూస్తే ఫస్ట్ గేర్ పడ్తలేదు. రివర్స్ వేస్తే గర్రుమంటున్నది. నేను కాలేజీల కెమిస్ట్రీ చెప్పేటోణ్ణి, ఊకుంటనా? ఫోన్ల వీడియో చూసిన. గేర్ ఆయిల్‌ల నీళ్లు కలిస్తే పాలు పోసిన ఛాయ్ రంగుకొస్తదట. ఇంకేం, కారు కిందికి దూరి, బోల్ట్ జర వదులు చేసి, సీటు పక్కన దొరికిన వాటర్ బాటిల్‌ల ఇంత ఆయిల్ పట్టిన. స్కూటీ డిక్కీల పెట్టుకొని సలీం భాయ్ షెడ్డుకు పోయిన. దారి పొంటి అన్నీ గుంతలే.

బాటిల్ తీసి చూస్తే అచ్చం ఛాయ్. నా లెక్క కరెక్టయినందుకు సంతోషమే అయింది, అబద్ధమెందుకు. సలీం భాయ్ ఆదివారం ఇంటికొచ్చి చూస్త అన్నడు. అక్కడి నుంచే మా ఆవిడ సుజాతకు ఫోన్ చేసి, "గేర్ బాక్స్ ఖతం. కారు కదలది" అని చెప్పిన.

తెల్లారి అత్తమ్మ, సుజాత బస్సుకు పోయిండ్రు. అత్తమ్మ నల్లద్దాలు పెట్టుకొని బస్టాండ్ దిక్కు నడిచింది. నాకు మస్తు బాధయింది.

వాళ్లు పోయినంక సలీం భాయ్ వచ్చి, ఉన్న ఆయిలంత దింపిండు. తేనె లెక్క ఉన్నది. జరసేపు దాని దిక్కు చూసిండు, తర్వాత నా దిక్కు చూసిండు.

"సార్, నిన్నటి బాటిల్‌ల ముందుగాల ఏముండె?"

"నీళ్లు."

"పారబోసిండ్రా?"

"అడుగున జరన్ని ఉండెనేమో."

"గా నీళ్లల్ల ఆయిల్ పోసి, డిక్కీల ఎగేసుకుంట తెచ్చిండ్రు. ఇంకో రెండు గుంతలు తగిలితే వెన్న గూడ వస్తుండె."

"మరి గేరెందుకు పడ్తలేదు?"

డోర్ తీసి క్లచ్ కింద చెయ్యి పెట్టిండు. దావత్‌కు కారు నీట్‌గ ఉండాలని శుక్రవారం పాత మ్యాట్ మీదనే కొత్త మ్యాట్ వేసిన. అది ముంగటికి జరిగి మడతపడి, క్లచ్‌ను పూర్తిగ కిందికి పోనిస్తలేదు. సలీం భాయ్ దాన్ని గుంజి నా చేతుల పెట్టిండు. గేర్ పడ్డది.

కొత్త ఆయిల్ పోయించుకొని రేగోడ్ చేరేసరికి విస్తరాకులు ఎత్తుతున్నరు. అయిందంత దాచకుండ చెప్పిన. సుజాత నవ్వలే. "మంచిది" అన్నది. నేను అత్తమ్మ దగ్గరికి పోయి, "వాపస్ కార్లనే పోదాం, దర్వాజ ముంగట్నే దింపుత" అన్న.

"వద్దు బిడ్డా," అన్నది అత్తమ్మ, చాన ప్రేమగ. "బస్సాయన గేరేస్తడు, పోతడు. మధ్యల ఇంకేం చెయ్యడు. మేం బస్సుకే వస్తం."

మెదక్‌కు ఒక్కణ్ణే వచ్చిన. గేర్లు మాత్రం మస్తు నున్నగ పడ్డయ్.