దూడ మూలలో బీరపాదు

హుస్సేనీ ఆలంలో మా అత్తవారిది పాలవ్యాపారం. నేను పెళ్లయి వచ్చేనాటికి పెరడంతా బర్రెలే. ఒక్క మూల మాత్రం ఖాళీగా ఉండేది. అందులో బీరపాదు పెట్టుకుంటానని అడిగాను. పుట్టింట్లో ఒక్క మొక్క నాటిన పాపాన పోలేదు, అయినా అడిగాను. అత్తమ్మ షరతు పెట్టి ఒప్పుకుంది: చూడి బర్రె ఈనేనాటికి అక్కడ కాయ కనబడకపోతే పుట్టిన దూడను ఆ మూలలోనే కట్టేస్తుంది. అంత పెద్ద ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఆ మూల ఒక్కటే. పంతం పట్టాను.

మా ఆయన అఫ్జల్‌గంజ్ నుంచి తెచ్చిన గింజలు చక్కగా మొలిచాయి. ఇక చూడండి నా తెలివి! ఇంటినిండా పెండ, నాకేం తక్కువని, పొద్దున పడ్డదాన్ని పడ్డట్టే గంపెడు తెచ్చి మొదళ్లలో కుమ్మరించాను. మొలకలు పసుపుపచ్చగా మారి తలలు వాల్చేశాయి. గింజలమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

నా లొల్లి విని, మేమంతా ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచే పక్కింటామె గోడమీంచి తొంగిచూసింది. వాళ్లింట్లో మేకలూ, పుదీనా మళ్లూ ఉండేవి.

"కచ్చా పెండ గరం ఉంటది బేటీ, ఏర్లు కాలిపోతయి. మురిగినంక ఎయ్యాలె," అన్నది.

మురిగిన పెండ మా ఇంట్లో ఎక్కడిది? పొద్దున పడింది సాయంత్రానికల్లా పిడకలై గోడకెక్కేది. అన్ని బర్రెలున్న ఇంట్లో చారెడు పాత ఎరువు లేదు. కొత్తొక వింత, పాతొక రోత అన్నవాడు ఎన్నడూ పాదు పెట్టి ఉండడు. చివరికి ఖాలాయే తన మేకల పాత ఎరువు గంపెడు గోడమీంచి అందించింది. మళ్లీ గింజలు నాటి, ఎరువును మట్టిలో కలిపి, మొదలుకు బెత్తెడు దూరంగా వేశాను. చేతులు దురద పెట్టినా ఇంకో పిడికెడు వెయ్యలేదు.

తీగ గోడెక్కింది. ఈనే రోజు దగ్గరపడి బర్రె పొదుగు దిగింది. రెంటినీ చూసుకుంటూ నాకు అన్నం సయించేది కాదు.

పూత మొదలైన కొద్దిరోజులకే బర్రె ఈనింది. సాయంత్రం అత్తమ్మ పలుపు పట్టుకుని దూడతో మూలకొచ్చింది. పసుపు పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. ఆకుల చాటున వేలెడంత పిందె ఒకటి. షరతు కాయ అని, ఉన్నది పిందె. ఆమె పిందెను వేళ్లతో ఎత్తి చూసి వదిలేసింది. దూడను తీసుకెళ్లి తాను పడుకునే మంచంకోడుకు కట్టింది.

"దూడకు యాడనన్న జాగ దొర్కుతది పిల్లా. గది నీ మూల," అన్నది.

మర్నాడు పిడకలు చేస్తూ, గంపెడు పెండ పక్కకు తీసి నా పాదు దగ్గర పెట్టింది, మురగడానికి.