ఏ కోర్టూ వినని మాట

మొన్న శుక్రవారం దోహాలో, ఐన్ ఖాలిద్‌లో ఉండే మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుంటే, ఎవరో పెద్దమనుషుల పరువు నష్టం దావా గురించి, దాన్ని ఏ కోర్టు వినాలన్న తగువు గురించి చెబుతున్నారు. అల్లుడు విసుక్కుని ఛానల్ మార్చాడు గాని, నాకు మాత్రం ఒకప్పుడు ఇదే ఊళ్ళో అల్ దోహా అల్ జదీదా పేటలో మేము నలుగురం కలిసి వండుకు తిన్న ఇరుకు గది కళ్ళముందు నిలిచింది.

అప్పుడు నేనొక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. మా మేనత్త కొడుకు, వరసకు బావ, జగిత్యాల దగ్గర మా ఊళ్ళో వీసాలు ఇప్పించేవాడు. డ్రైవర్ పని అని నమ్మించి మా చిన్నాన్న కొడుకును పంపితే, పాపం వాడు వచ్చి పడింది ఎడారిలో మేకల మంద దగ్గర. ఆ సంగతి తెలిసిననాడు అన్నం ముందు కూర్చుని, కడుపు మండి, "మా బావ వీసాలు అమ్ముతలేడు, మనుషులను అమ్ముతుండు" అన్నాను. గదిలో ఉన్నది మేము నలుగురమే. అయినా నా గొంతు ఎవరి ఫోన్లోనో ఎక్కి ఊరంతా తిరిగింది. బావ జగిత్యాల కోర్టులో నా మీద పరువు నష్టం దావా వేశాడు.

అప్పటినుంచి ఆ గదిలో నాకు అన్నం సహించలేదు. పప్పు వడ్డించే నిజామాబాద్ అన్నను చూసినా, నాతోపాటే డ్యూటీకి వచ్చే హైదరాబాద్ భాయిని చూసినా, గోడవైపు తిరిగి ఇంటికి ఫోన్ చేసుకునే సిరిసిల్ల ఆయనను చూసినా, ఇతనేనా అనిపించేది. ఒకనాడు అన్నే అడిగేశాడు: "నా దిక్కు గట్ల సూస్తున్నవేంది తమ్మీ? నేనే పంపిన్ననుకుంటున్నవా?" లేదన్నాను. అతను నమ్మలేదు, నేనూ అతన్ని నమ్మలేదు.

మాట పుట్టింది దోహాలో, దాన్ని ఊరికి పంపింది ఈయనేనని రుజువు లేదు, కాబట్టి ఈ కోర్టుకు దీన్ని వినే అధికారం లేదని నా వకీలు వాదించాడు. పరువు పోయింది ఈ ఊళ్ళోనే కదా అని బావ వకీలు. అలా సాగి సాగి, చివరకు తనకు వినే అధికారం లేదని కోర్టు దావాను తిప్పి పంపింది. "మనమే గెలిచినం!" అని మా ఆవిడ ఫోన్లో ఏడ్చింది. ఏం గెలిచామో నాకు అర్థం కాలేదు. బావ మోసం చేశాడా లేదా అని ఎవరూ అడగనేలేదు. దోహాకు వచ్చి దావా వేసే ఉద్దేశం అతనికీ లేదు. చిన్నాన్న కొడుకు మేకలు కాసి కాసి, చిక్కి సగమై ఇల్లు చేరాడు. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ నన్నే అబద్ధాలకోరంటారు.

ఆ రోజుల్లో నలుగురం కూర్చుని మనసులో ఉన్నదంతా చెప్పుకుంటే ఎంత తేలికయ్యేదో మీకూ తెలుసు. ఇప్పుడు ఎవరు కలిసినా ఎండ గురించి, ఉక్క గురించి మాట్లాడి లేచి వస్తాను. ఆ ముగ్గురిలో తప్పు చేసింది ఒక్కడే అయివుంటాడు. అతనెవరో తెలియక, ఏ పాపమూ ఎరుగని మిగతా ఇద్దరు స్నేహితులనూ పోగొట్టుకున్నాను.