రెండో పిలుపుకు పలికే రుక్కి

మా చర్చి సంఘంలో రుక్కిని ఎవరైనా రెండుసార్లు పిలవాలి. మొదటి పిలుపుకు ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది. వెనక ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే, రెండో పిలుపుకు "ఆ" అంటుంది. చెవి మందమేమోనని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. మిరప చేనులో అవతలి గట్టు మీద పాము కదిలినా వినగల చెవి ఆమెది.

రుక్కిది మరిపెడ దగ్గరి ఒక తండా. అక్కడ ప్రార్థనకు వచ్చే ఇళ్లు నాలుగైదే. మిగిలినవారు తమ దేవతలను కొలుచుకుంటారు. ఆమె భర్త మాన్‌సింగ్ ఆ మిగిలినవారిలోనివాడు. ఆదివారం ఆమెను బండి మీద మందిరం దాకా తెచ్చి, ఆరాధన ముగిసేదాకా గేటు బయట బీడీ కాలుస్తూ కూర్చుంటాడు. ఇంట్లో వారిది లంబాడీ మాట. రుక్కి ప్రార్థన మాత్రం తెలుగులో చేస్తుంది, అది కూడా తక్కువగానే. జ్వరంతో పడి ఉన్న పిల్ల పక్కన, భర్త పోయిన ఇల్లాలి పక్కన, ఏదో ఒకటి చెప్పాలన్న తొందర లేకుండా కూర్చోవడం ఆమెకు వచ్చు. మాటలతో బతికిన నాబోటి తెలుగు పంతులుకు రాని విద్య అది. అందుకే పాస్టరు జోసెఫ్ ఆమెను తండాల పరిచర్యకు, ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పి ప్రార్థించే బైబిల్ స్త్రీగా నియమిద్దామని ప్రతిపాదించాడు. సంఘం సంతోషించింది. రుక్కి ఆ రోజు నుంచి సరిగా తిండి తినడం మానేసింది.

నియామకానికి ముందు ఒక ప్రశ్న ఉంటుంది. జనగామ నుంచి వచ్చే పెద్ద అయ్యగారు బిక్షపతి గారు సంఘమంతటి ఎదుట అడుగుతారు: "ఈ పనికి నీవు పిలువబడితివని నమ్ముచున్నావా?" దానికి "నమ్ముచున్నాను" అనాలి. అంతే.

ఒకనాటి సాయంత్రం రుక్కి, మాన్‌సింగ్ మా ఇంటికి వచ్చారు.

"సారూ, గా పెద్దయ్యగారి మాటకు నోరు తిరుగుతలేదు. జర నేర్పుండ్రి," అంది రుక్కి.

ఇక్కడ నా గురువుగారిని తలచుకోక తప్పదు. రఘునాథపల్లి బడిలో నాకు వ్యాకరణం చెప్పిన చంద్రమౌళి గారికి కర్మణి ప్రయోగమంటే గిట్టేది కాదు. "అన్నం తినబడింది" అని ఎవడైనా రాస్తే, "తిన్నవాడు ఎక్కడ దాక్కున్నాడురా?" అని పలక తిప్పి చూపించమనేవారు. తెలుగువాడు పని చెబితే చేసినవాణ్ణి కూడా చెబుతాడని వారి సిద్ధాంతం. ఆయన లేరు, ఆ బడి పెంకులూ లేవు, ఆ సిద్ధాంతం మాత్రం నాలో మిగిలింది.

అందుచేత రుక్కితో అన్నాను: "ఆ మాటతో తంటా ఎందుకమ్మా? 'దేవుడు నన్ను పిలిచాడు' అను. అందులో కర్త స్పష్టంగా కనిపిస్తాడు."

"కర్త అంటె?"

"పని చేసినవాడు. ఇక్కడైతే, పిలిచినవాడు."

ఆమె ముఖం వాడిపోయింది.

"గదే సారూ నా పరేషాన్. పిలిచిందెవలో నాకెర్కనే. పిలిచింది నన్ను గాదు."

మాన్‌సింగ్ తలగుడ్డ చుట్టుకోవడం ఆపి ఆమె వైపు చూశాడు. అతడికీ ఆ సంగతి కొత్తదే.

రుక్కి ఆ తండాకు కోడలిగా వచ్చిన తొలినాళ్లలో ఆమెను పేరు పెట్టి పిలిచినవారు లేరు. అత్తకు ఆమె కోడలు. వాడకు మాన్‌సింగ్ పెండ్లాం. తన పేరు పుట్టింట్లోనే ఉండిపోయిందని ఆమె దిగులుపడేది. ఒక పొద్దున నీళ్ల బిందెతో వస్తుంటే తండా చివరి ప్రార్థన ఇంటి నుంచి "రుక్కీ! ఏ రుక్కీ! రా ఇటు!" అని కేక వినబడింది. పిలిచింది అప్పటి పాస్టరు గారి భార్య కరుణమ్మ. రుక్కి బిందె దించి పరుగున వెళ్లింది. గుమ్మంలో నిలిచిన కరుణమ్మ ఆమెను చూసి తెల్లబోయి, ఆమె భుజం మీదుగా వెనక్కి చూసింది. ఎవరి కోసమో చూసింది.

"తండల ఇంకో రుక్కి ఉండె సారూ. మేకలు కాసే పోరి. కరుణమ్మ పిలిచింది దాన్ని. ఆమె నా ఎనుక జూసిన సూపు నేను మర్వలే. ఇంకొకల పెండ్లికి పిలుపొస్తె నేను పొయ్యి బంతిల కూసున్నట్టాయె. ఇప్పుడు అందరి ముంగట 'దేవుడు నన్ను పిలిచిండు' అంటె దొంగసాక్ష్యం గాదా?"

నేను నాకు తెలిసిన మందే వేశాను. మన వైయాకరణులు సంబోధనకు వేరే విభక్తి పెట్టక, దాన్ని ప్రథమా విభక్తికే చేర్చి సంబోధన ప్రథమ అన్నారని, అంటే పిలుపు అందుకున్నవారు కర్త పక్కనే నిలుస్తారని వివరించాను. ఆమె ఓపికగా విన్నది. విని, "ఆ రుక్కిని చిట్యాలకిచ్చిండ్రు. నేను పొయ్యి దాన్నే అడుగుత. నీ పిలుపు నేను తీస్కున్న, ఉంచుకోనా, ఇడిసిపెట్టనా అని. మీరు జర తోడు రాండ్రి సారూ," అంది.

"నేను గూడ వస్త," అన్నాడు మాన్‌సింగ్. "బస్‌స్టాండుల ఎవలన్న రుక్కీ అంటె ఈమె అటే పోతది."

తొర్రూరు మీదుగా వరంగల్, అక్కడి నుంచి పరకాల దాటి చిట్యాల. దారి పొడవునా రుక్కి కొంగు కొసను వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. ఆ రుక్కి "నాది నాకియ్యి" అంటే ఏం చేయాలో తనకు తెలియదని ఒకసారి నాతో అంది.

చిట్యాల రుక్కి పత్తి కుప్ప ముందు కూర్చుని ఉంది. భారీ మనిషి, పెద్ద గొంతు. ఇద్దరూ మొదట తమ భాషలో మాట్లాడుకుని, నా కోసం తెలుగులోకి దిగారు. సంగతి వినగానే చిట్యాల రుక్కి చేతిలో పత్తి వదిలేసి ఒకటే నవ్వు.

"నన్ను ప్రార్థనకు పిలుసుడా! ఓ సారూ, నా మేక కరుణమ్మ చిక్కుడు తీగనంత మేసింది. కట్టె పట్టుకొని పిలిచింది. నేను జొన్నచేన్ల దాసుకున్న. నువ్వు పొయినవానే? నిన్ను కొట్టలేదా?"

"కొట్టలే. చాయ్ పోసింది."

మాన్‌సింగ్ కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. నేనూ నవ్వాను. రుక్కి నవ్వలేదు.

తిరుగు బస్సులో రుక్కి అంది: "ఇన్నొద్దులు ఇంకొకల పిలుపన్న అనుకున్న. ఇప్పుడు గది గూడ లేకపాయె. తిట్టుడుకు పిలిచిన పిలుపాయె. మేక పిలుపాయె."

"ఎవలకెర్క?" అన్నాడు మాన్‌సింగ్, ఈసారి మెల్లగా. "'నమ్ముచున్న' అను. ఒక్క మాట. అయిపోతది."

"దేవుని ముంగట మేకను దాస్తనా?"

నేను తాతల నాటి నుంచి విశ్వాసుల ఇంట పుట్టినవాణ్ణి. నిన్నెవరు పిలిచారని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే నా వాక్యంలో కర్తగా మా తాతను రాయాలేమో. కిటికీ బయట పరకాల వెనక్కి పోతుంటే, ఆమె భయం నాకూ అంటుకుంది. నిజం చెబితే సంఘం నవ్వుతుంది, బహుశా పని ఇవ్వదు. చెప్పకపోతే పని దక్కుతుంది. కానీ జబ్బుపడ్డవారి పక్కన ఆమె ఇక మునుపటిలా కూర్చోలేకపోతుంది.

నియామకం జరిగే ఆదివారం మందిరం నిండింది. చిట్యాల రుక్కి కూడా దిగింది. "నా మేక ముచ్చట ఏమైతదో సూద్దామని వచ్చిన," అంటూ సరిగ్గా మా రుక్కి వెనకే చాప మీద కూర్చుంది. మాన్‌సింగ్ ఆ రోజు గేటు దాటి మెట్ల దాకా వచ్చాడు.

బిక్షపతి గారు ప్రశ్న చదివారు. రుక్కి నిలబడి కొంగు కొసను వేలికి చుట్టుకుంది. ఆయన మళ్లీ చదివారు.

"అయ్యగారూ," అంది చివరికి, "నన్ను పిలువలే. మేక చిక్కుడు తీగ మేస్తె, మేకల పోరిని పిలిచిండ్రు. దాని పేరు, నా పేరు ఒకటే. నేనొచ్చిన."

ఆడవారి వైపు నుంచి నవ్వు లేచింది. జోసెఫ్ తల వంచుకున్నాడు. బిక్షపతి గారు కళ్లద్దాలు తీశారు.

"తప్పు మనిషివి వచ్చావని తెలిశాక కరుణమ్మ గారు నిన్ను వెళ్లిపొమ్మన్నారా?"

"అనలే. నా ఎనుక జూసింది. ఎవలు లేరు. మల్ల నన్ను జూసింది. 'వచ్చినవు గద, కూసో బిడ్డా' అన్నది. గప్పటి సంది కూసున్న. లెవ్వమని ఆమె అనలే. ఈ మందిరంల ఎవలు అనలే. నేను దేవుణ్ణి గూడ అడిగిన, నీకు నేను కావాల్నా, గా పోరి కావాల్నా అని. ఆయన గూడ లెవ్వమనలే. గంతే నాకెర్క. పిలిచిండని నేనెట్ల చెప్త?"

నవ్వు ఆగిపోయింది.

"వెళ్లి కూర్చో అమ్మా," అన్నారు బిక్షపతి గారు.

రుక్కి వచ్చి కూర్చుంది. బల్ల దగ్గర సంఘ పెద్దలు తలలు దగ్గర చేర్చి గుసగుసలాడుకుంటున్నారు. ఒకరు చెయ్యి అడ్డంగా ఊపారు. ఇంకొకరు మెట్ల మీది మాన్‌సింగ్‌ను చూపించి ఏదో అన్నారు. ఆ మాటలు నాకు అందలేదు. 'కర్తను చెప్పు' అని ఆమెకు నేర్పబోయింది నేనే కదా.

కొంతసేపటికి పెద్దలు ఎవరి చోట వారు కూర్చున్నారు. బిక్షపతి గారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ప్రశ్న ఉన్న పుస్తకాన్ని ఆయన బల్ల మీద మూసిపెట్టారు. చేతిలో ఏమీ లేకుండా జనం వైపు చూసి, పొలం గట్టు మీంచి పిలిచినట్టు పిలిచారు.

"రుక్కీ!"

రుక్కి వెనక్కి తిరిగి చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి, వెనక నిజంగానే ఇంకో రుక్కి ఉంది. ఆ రుక్కి కూడా పేరు విని ఉలిక్కిపడి సగం లేచి, మళ్లీ కూలబడింది.

"నా దిక్కు సూస్తవేందే?" అంది, మందిరమంతా వినేటట్టు. "ఇయ్యాల మేక లేదు, తీగ లేదు. నిన్నేనే. పో."

బిక్షపతి గారు రెండోసారి పిలవలేదు. ఎదురుచూస్తూ నిలబడ్డారు.

రుక్కి చాప మీద చెయ్యి ఆనించి లేచింది.